ఎర్ర పట్టీ వచ్చింది, లెక్కలు పోయినట్టేనా?

పొద్దున పది గంటలయింది. జనగామలో ఒక జిరాక్సు దుకాణం. మహిళా సంఘం లెక్కలు రాసే అక్క లోపలికి వచ్చింది. సంఘంలో ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎవరు ఎంత కట్టారు అన్నదంతా ఆ దుకాణం కంప్యూటర్‌లోనే టైపు చేయించింది. అందులో ఒక అంకె మార్చాలి. ఆ కాగితం ఈ రోజే బ్యాంకులో ఇవ్వాలి.

దుకాణం పిల్లవాడు కంప్యూటర్ తెరిచాడు. పైన ఎర్ర పట్టీ వచ్చింది. పేర్లన్నీ కనబడుతున్నాయి. కానీ అంకె మార్చబోతే మారడం లేదు.

"ఏమైంది తమ్మీ?"

"ఆఫీసు బందయిందక్కా. ఫార్మాట్ కొట్టాలె."

"మరి మా లెక్కలు?"

పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు. అక్క గుండెల్లో రాయి పడింది.

ఇలాంటిది ఒక్క జనగామలోనే కాదు, మహబూబాబాదులో, భూపాలపల్లిలో కూడా జరుగుతుంది. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకు ముందు మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. కలెక్టరేట్‌లో పని పడితే హనుమకొండ బస్సెక్కాల్సిందే. ఇప్పుడు కలెక్టరేట్ దగ్గరికి వచ్చింది. దరఖాస్తులు, జాబితాలు టైపు చేయించే పనీ దగ్గరికి వచ్చింది. దాని వెంటే కంప్యూటర్ తంటాలూ వచ్చాయి.

ఆఫీసు అంటే ఇక్కడ కచేరీ కాదు. కంప్యూటర్‌లో రాత పని, లెక్క పని చేసే సరంజామాకు ఆ పేరు. ఉత్తరాలు రాయడానికి వర్డ్, లెక్కల పట్టికలకు ఎక్సెల్ అందులో ఉంటాయి. ఎక్కువ మంది వాడేది మైక్రోసాఫ్ట్ అనే కంపెనీ తయారు చేసిన ఆఫీసు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడాన్ని ఇన్‌స్టాల్ చేయడం అంటారు.

కుట్టు మిషను వేరు, కుట్టిన జాకెట్టు వేరు. మిషను ఆగిపోతే జాకెట్టు చిరిగిపోదు. ఆఫీసు మిషను లాంటిది. అక్క రాయించిన జాబితా జాకెట్టు లాంటిది. దాన్ని ఫైలు అంటారు. ఆఫీసును తీసేసి మళ్లీ ఎక్కించినా ఫైలు ఉన్నచోటే ఉంటుంది. ఫార్మాట్ సంగతి అలా కాదు. ఫార్మాట్ అంటే మిషనునూ జాకెట్టునూ కలిపి బయట పారేసి ఇల్లు కడుక్కోవడం. ఆఫీసుకు వచ్చిన జబ్బుకు అది మందు కాదు. కానీ చాలాచోట్ల ముందు ఆ మాటే వినబడుతుంది. అలా చేస్తే తప్పు ఎక్కడుందో వెతికే పని ఉండదు కదా! ఎవరు ఏం చేయబోయినా సరే, ముందు ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ పెన్‌డ్రైవ్ జేబులో పడ్డాకే మిగతా మాట.

ఇక ఎర్ర పట్టీ సంగతి. అది చెడిపోయిందని చెప్పే గుర్తు కాదు. అనుమతి లేదని చెప్పే గుర్తు.

రేషన్ దుకాణంలో బియ్యం తీసుకోవడం అందరికీ తెలుసు. కార్డు ఉంటే చాలదు. మిషను మీద వేలు పెట్టాలి. ఆ మిషను ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌ను అడుగుతుంది. అది అవునంటేనే బియ్యం. సిగ్నల్ లేకపోతే కార్డు ఉండి కూడా నిలబడాల్సిందే. ఆఫీసుది కూడా ఇదే పద్ధతి. కొన్నప్పుడు ఒక తాళం నంబరు ఇస్తారు. దాన్ని ప్రోడక్ట్ కీ అంటారు. ఆ నంబరు కొట్టగానే కంప్యూటర్ ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్‌ను అడుగుతుంది. అది సరేనంటే పని మొదలవుతుంది. దీన్నే యాక్టివేషన్ అంటారు.

కొత్త లాప్‌టాప్‌తో చాలాసార్లు కొద్ది రోజుల ఉచిత ఆఫీసు వస్తుంది. ఏటా డబ్బు కట్టి వాడుకునే ఆఫీసు కూడా ఉంది. గడువు దాటితే రెండూ ఆగిపోతాయి. అప్పుడు ఫైలు తెరిచి చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. మార్చడం మాత్రం కుదరదు. ఒకేసారి డబ్బు కట్టి కొనే ఆఫీసుకు ఈ గడువు లేదు.

తాళం నంబరులో 25 అక్షరాలుంటాయి. అయిదేసి చొప్పున అయిదు ముక్కలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. సరిగ్గా కొట్టినా తప్పని వస్తోందంటే కార్డు మీది అక్షరాన్ని మళ్లీ చూడాలి. ఈ నంబర్లలో సున్నా ఉండదు, ఒకటి అంకె ఉండదు. ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అచ్చులూ ఉండవు. కళ్లు మోసపోకుండా వాటిని ముందే తీసేశారు. సున్నాలా కనబడేది డీ గానీ క్యూ గానీ అయి ఉంటుంది. 8 అంకెకు, బీ అక్షరానికి కూడా తేడా చూసుకోవాలి.

నంబరు సరిగ్గానే ఉంది. ఇంటర్నెట్ కూడా ఉంది. అయినా యాక్టివేషన్ కావడం లేదు. అప్పుడు తెర మూలన తారీఖు చూడాలి. ఇది చాలామందికి తట్టదు.

భూపాలపల్లిలో బొగ్గు గనులున్నాయి. పక్కనే చెల్పూరులో కరెంటు తయారవుతుంది. అయినా గాలివాన వస్తే అక్కడ కూడా కరెంటు పోతుంది. కరెంటు పోయినా కంప్యూటర్‌లో గడియారం ఆగకూడదు కదా. అందుకే లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కొన్నేళ్లకు అది అయిపోతుంది. అప్పటి నుంచి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తారీఖు తప్పుగా ఉన్న కంప్యూటర్‌తో కంపెనీ కంప్యూటర్‌కు మాట కుదరదు. ఇది అసలు కంప్యూటరా, దొంగ కంప్యూటరా అని తేల్చే పత్రాలకు కూడా తారీఖులుంటాయి. అవి కలవవు. తారీఖు, సమయం సరిచేస్తే చాలాసార్లు యాక్టివేషన్ దానంతటదే అవుతుంది. మళ్లీ మళ్లీ తారీఖు తప్పుతుంటే ఆ బిళ్ల మార్చాలి. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది. ఈ చిన్న బిళ్ల కోసం కంప్యూటరే మార్చుకున్నవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇంకొన్నిసార్లు ఆఫీసు అసలు లోపలికే ఎక్కదు. పాత ఆఫీసు సగం ఉండిపోతే ఇలా అవుతుంది. దాన్ని కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి పూర్తిగా తీసేసి, కంప్యూటర్ ఒకసారి బంద్ చేసి మళ్లీ పెట్టాలి. 32 బిట్ అని, 64 బిట్ అని ఆఫీసు రెండు రకాలు. ఆ రెండూ ఒకేచోట ఇమడవు.

ఇప్పుడు అసలు ప్రమాదం. "రెండు మూడు వందలిస్తే తాళం నంబరు చెప్తా" అనేవాళ్లు ఉంటారు. ఒకే నంబరును ఎందరికో అమ్ముతారు. కంపెనీ కనిపెట్టి ఆపేస్తే డబ్బూ పోయె, ఆఫీసూ పోయె. క్రాక్ అనే దొంగ తాళం ఇంకో రకం. అది ఎక్కించడానికి ముందు వైరస్‌ను పట్టే కాపలాను ఆపేయమంటారు. కాపలా కుక్కను కట్టేసి తలుపు తెరవడం అన్నమాట! తర్వాత లోపలికి ఏమొచ్చిందో ఎవరికీ తెలియదు. అదే కంప్యూటర్‌లో సంఘం బ్యాంకు ఖాతా కూడా చూస్తుంటారు.

చట్టం కూడా ఒప్పుకోదు. 1957 నాటి కాపీరైటు చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటాయి. లాభం కోసం కాకుండా వాడినవారికి జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే అధికారం కోర్టుకు ఉంది. జిరాక్సు దుకాణం మాత్రం లాభం కోసం నడిచేదే.

"మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఆఫీసు బాగుచేస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయాలి. కంపెనీ అలా తనంతట తాను ఫోన్ చేయదు. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కొనే స్తోమత లేనివారికి దొంగ దారి తప్ప వేరే దారి లేదా? ఉంది. లిబ్రే ఆఫీసు అనేది ఉచితం. 2010 నుంచి ఉంది. ఎవరైనా ఇంటర్నెట్ నుంచి దించుకోవచ్చు, పది కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు, పక్కవారికి ఇవ్వవచ్చు. తాళం నంబరు అడగదు. ఒకసారి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే సిగ్నల్ లేని ఊళ్లో కూడా ఎక్కించవచ్చు. తెర మీది మాటలు తెలుగులో వచ్చేలా కూడా పెట్టుకోవచ్చు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు ఇందులో తెరుచుకుంటాయి. ఒక్కోసారి గీతలు, పేజీలు కొంచెం జరుగుతాయి. ఆ మాట దాచకూడదు.

తెలుగు ఫైళ్లకు ఇంకో చిక్కు ఉంది. మహబూబాబాదులో అను అక్షరాలతో టైపు చేసిన కాగితాన్ని ఆ అక్షరాలు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడతాయి. ఆఫీసు చెడిపోయిందని కంగారు పడతారు. ఆఫీసు తప్పేమీ లేదు. అక్కడ ఆ అక్షరాల పెట్టె లేదు, అంతే. యూనికోడ్‌లో టైపు చేయిస్తే ఈ బాధ ఉండదు. నిర్మల లాంటి యూనికోడ్ అక్షరాలు విండోస్‌తోనే వస్తాయి. పాత కాగితాన్ని ఉన్నదున్నట్టు పంపాలంటే టైపు చేసినచోటే పీడీఎఫ్‌గా మార్చించుకోవాలి. మామూలుగా అక్షరాలు దాని వెంటే పోతాయి.

జనగామ దుకాణంలో యజమాని వచ్చాడు. పట్టీ మీద ఉన్నది చదివాడు. తారీఖు సరిగ్గానే ఉంది. ఆఫీసు గడువే అయిపోయింది.

"ఫార్మాట్ వద్దు తమ్మీ" అంది అక్క. "ముందుగాల మా ఫైలు ఇండ్ల ఎక్కియ్యి" అని పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

ఫైలు ఎక్కింది. తర్వాత లిబ్రే ఆఫీసు పెట్టారు. జాబితా తెరుచుకుంది. అంకె మారింది. రెండో పేజీలో గీతలు జరిగాయి. వాటిని సరిచేసి ప్రింటు తీసేసరికి పన్నెండు కావచ్చింది. అక్క కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని బ్యాంకుకు బయల్దేరింది.