కోడి కింద బాతుగుడ్లు

వరంగల్లు కోటకు విద్యార్థులను తీసుకొని వెళ్ళినప్పుడు, కాకతీయుల శిలాతోరణాల పై అంచున నిలిచిన హంసలను ఉపాధ్యాయులమైన మేము తప్పక చూపుతాము. పాలను నీటినుండి వేరుచేసే కవుల హంసను గురించి పద్యపాఠంలో చెప్పడమూ కద్దు. కాని ఆ జాతి పక్షి గుడ్డులోనుండి ఎలా వెలువడుతుందో కన్నులారా చూచిన బాలుడు తరగతికి ఒక్కడైనా ఉండడం అరుదు. హంస, పెద్దబాతు, బాతు ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. చెరువులకు పేరుపడ్డ ఈ సీమలో ఆ వింత చూడాలంటే కావలసినవి ఒక గంప, కొంచెము వరిగడ్డి, పొదుగుకు వచ్చిన ఒక నాటుకోడి, నెలరోజుల ఓపిక.

బాతుగుడ్లకు కోడి ఎందుకని పాఠకులు అడుగవచ్చు. గుడ్లకోసమే తరతరాలుగా పెంచబడిన బాతులలో పొదిగే స్వభావము చాలావరకు నశించింది. గుడ్డు పెట్టి, దానిని మరచి, నీటికి పోవడమే వాటి తీరు. అందుచేత పల్లెలలో ఆ బాధ్యతను నాటుకోడికి అప్పగిస్తారు. బాతుగుడ్డు పెద్దది గనుక కోడి 8 లేక 10 గుడ్లను మాత్రమే కప్పగలదు. పెద్దబాతు గుడ్లయితే 4, 5కు మించరాదు. అంత బరువైన గుడ్లను కోడి తన ముక్కుతో దొర్లించలేదు. అది మేతకు దిగినప్పుడు మనమే వాటిని మెల్లగా తిప్పిపెట్టాలి. తిప్పకపోతే లోపలి పిండము పెంకు పొరకు అంటుకొని చెడిపోతుంది.

గుడ్లు వారం రోజులకు లోపువై ఉండడం మేలు. బీటలు పడినవి, వికారంగా ఉన్నవి పనికిరావు. పెట్టేవరకు వాటిని చల్లనిచోట, సన్నని కొన కిందికి వచ్చేటట్లు ఉంచాలి. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి గుడ్డు కోడి కిందికి చేరకముందే లోపల క్రమంలేని పెరుగుదల మొదలై పిండము చనిపోతుంది. కనుక చలికాలమే ఈ పనికి అనువైనది. కోడి దొరకనివారు చెక్కపెట్టెలో విద్యుద్దీపము, థర్మామీటరు, నీటిగిన్నె అమర్చి సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని నిలుపుకోవచ్చు. కాని కరెంటు పోయిన రాత్రి ఆ పెట్టె వద్ద మేలుకొని ఉండవలసినది మనమే.

ఇక లెక్క చూడండి. కోడిగుడ్డుకు 21 దినాలు, సాధారణ బాతుగుడ్డుకు 28, పెద్దబాతు గుడ్డుకు సుమారు 30, మస్కోవీ బాతు గుడ్డుకు 35. పాపము, ఆ కోడికి తన బిడ్డలకు పట్టే కాలముకంటే ఒక వారము అదనపు తపస్సు. అందుకే దానికి గింజలు, నీరు దగ్గరలోనే ఉంచి, రోజుకొకసారి దింపి తిరగనివ్వాలి. బాతుపెట్ట అయితే తడిసిన ఈకలతో గూటికి వస్తుంది. కోడికి ఆ అలవాటు లేదు గనుక చివరి దినాలలో గుడ్లపై గోరువెచ్చని నీరు చిలకరించడం మంచిది.

మూడు సంవత్సరాల క్రిందట, చెరువుకట్టను ఆనుకొని ఉన్న ఒక పల్లెలో మా విద్యార్థి ఇంట 9 బాతుగుడ్లు పెట్టించాము. 7వ రాత్రి చీకటిగదిలో టార్చిలైటు వెలుగుకు ఎదురుగా ఒక్కొక్క గుడ్డునే పట్టి చూచాము. ఒకటి తేటగా ఉండిపోయింది, దానిని తీసివేశాము. తక్కిన 8 గుడ్లలో నడుమ నల్లని చుక్క, చుట్టూ సాలెగూడు వంటి ఎర్రని నరాలు కనిపించాయి. రెండువేల మూడువందల ఏండ్లకు పూర్వమే అరిస్టాటిలు కోడిగుడ్లను పరిశీలించి, నాలుగవనాటికి గుండె రక్తబిందువువలె కొట్టుకొనడం చూచి వ్రాసినాడని పిల్లలకు చెప్పాను.

28వ నాటికి 6 పిల్లలు వచ్చాయి. 7వది ఉదయము పెంకుకు చిన్న పగులు పెట్టి, సాయంత్రమైనా అట్లే ఉంది. లోపలినుండి సన్నని కూత. పిల్లలు నావంక చూస్తున్నారు. నేను ఆగలేక గోటితో పెంకు ఒలవడం మొదలుపెట్టాను. “జర ఆగుండ్రి సారూ, దానికింక యాల్ల గాలే” అన్నది ఆ ఇంటి అవ్వ. నేను వినలేదు. పొర చిరిగి నెత్తురు వచ్చింది. పొద్దుగూకేసరికి పిల్ల చనిపోయింది. 8వ గుడ్డు విచ్చుకోనేలేదు.

“సార్, మీరు ముట్టకపోతే బతికేదా?” అని ఒక బాలుడు అడిగాడు. బతికేదేమో అన్నాను. అంతకుమించి చెప్పలేకపోయాను.

మరునాడు నల్లబల్లపై గుడ్డు బొమ్మ గీసి, నా తప్పునే పాఠంగా చెప్పాను. గుడ్డు వెడల్పు కొనలో ఒక గాలిగది ఉంటుంది. పిల్ల మొదట ఆ గదిలోకి ముక్కు చొప్పించి, ఊపిరితిత్తులతో తొలిశ్వాస తీస్తుంది. తరువాత ముక్కుకొనపై ఉన్న చిన్న గట్టి మొనతో పెంకును పగులగొడుతుంది. ఆపైన కదలక పడి ఉంటుంది. చూచేవారికి అది అలసటవలె తోస్తుంది. నిజానికి పని అప్పుడే సాగుతున్నది. అంతవరకు గాలిని అందించిన పొరలోని నెత్తురు పిల్ల దేహములోకి చేరాలి. మిగిలిన పచ్చసొన కడుపులోకి ముడుచుకోవాలి. ఇందుకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టినా వింతలేదు. ఈలోగా పొరను చింపితే నెత్తురు ఒలికిపోతుంది. కడుపులో చేరిన ఆ సొనయే పుట్టిన పిల్లకు మొదటి దినపు ఆహారము కూడా.

బయటపడిన పిల్లకు తొలుత కనిపించి కదిలినదే తల్లి. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ వెంట పెద్దబాతు పిల్లలు వరుసగా నడిచిన సంగతి జగత్ప్రసిద్ధము. జంతువుల ప్రవర్తనపై చేసిన పరిశోధనకు ఆయన 1973లో నోబెలు బహుమానాన్ని మరి ఇద్దరితో పంచుకొన్నాడు. మా 6 పిల్లలకు తల్లి ఆ నాటుకోడియే. తొలి దినాలలో తడిస్తే చలికి చనిపోతాయని వాటిని నీటికి దూరంగా ఉంచాము. కొన్నివారాలకు ఈకలు వచ్చాక ఒక ఉదయము అవి నేరుగా చెరువులోకి దిగాయి. కోడి గట్టుమీద అటూ ఇటూ పరుగెత్తి అరచింది. నీటి అంచువరకు పోయి కాలు వెనుకకు తీసుకొన్నది. పిల్లలు ఈదుకుంటూ దూరము పోయాయి. అవ్వ నవ్వింది. కోడి మాత్రం అవి తిరిగి వచ్చేవరకు ఆ గట్టును విడువలేదు.