ముత్తాతకు ముందెవరు?

మీ తాతగారి పేరు మీకు తెలియును. ముత్తాతగారి పేరు తెలిసినవారు మీ తరగతిలో సగముమందియైనను ఉందురో లేదో! ఆయన తండ్రి యెవరు? ఏ యూరినుండి వచ్చెను? గుంటూరునుండి విజయవాడకు పోవు దారిలో మల్లేశ్వరస్వామి ఆలయముతో ప్రసిద్ధమైన పెదకాకాని గ్రామము కలదు. మూడువందల యేండ్ల క్రిందట ఆ యూరి నల్లరేగడి చేలో దున్నిన సామాన్యుడొకడు ఉండెననుకొనుడు. అతని పూర్వులను, అతని సంతతిని నేడు కనుగొనవచ్చునా?

జర్మనీ దేశపు పల్లెలో ఇట్టి ప్రశ్నకు పెక్కుమార్లు సమాధానము దొరకును. అక్కడి చర్చీలు పదునారవ శతాబ్దమునుండి శిశువుల బాప్తిస్మములను, పెండ్లిండ్లను, తరువాత మరణములను పుస్తకములలో వ్రాసి యుంచుట నేర్చినవి. కాథలిక్కు గురువులు బాప్తిస్మ వివాహముల పుస్తకములు ఉంచవలెనని 1563లో ట్రెంటు మహాసభ శాసించెను. లూథరు మతస్థుల ప్రాంతములలో కొన్నిచోట్ల అంతకు ముందే ఆ ఆచారముండెను. పెండ్లి వ్రాసిన పుటనుండి బాప్తిస్మపు పుటకు, అచటినుండి తల్లిదండ్రుల పెండ్లికి మెట్టుమెట్టుగా వెనుకకు పోవచ్చును. సెంటు భూమి లేని కూలివాని పేరును అందుండును. అయితే 1618 మొదలు 1648 వరకు సాగిన ముప్పదియేండ్ల యుద్ధములో ఎన్నియో పుస్తకములు తగులబడినవి. చాలచోట్ల అక్కడివారి అన్వేషణ ఆ బూడిదవద్దనే ఆగిపోవును.

మన గ్రామములలో అట్టి పుస్తకము లేదు. కాని వంశజ్ఞానమే లేదనరాదు. అది పలువురి చేతులలో చెదరియున్నది. పితృతర్పణము చేయు ఇండ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లతోపాటు తల్లి, నాయనమ్మ మొదలగువారి పేర్లును పలుకుదురు. గయ, కాశి వంటి క్షేత్రములలో పండాలు యాత్రికుల పేర్లను, ఊళ్లను తమ పుస్తకములలో వ్రాయించుకొనెడివారు. ఇక పిచ్చుకుంట్లవారున్నారు. వారినే వంశరాజులందురు. వారు ఊరూర తిరిగి రెడ్డి, కమ్మ మొదలగు కుటుంబముల గోత్రములను, ఇంటిపేర్లను, మూలపురుషుల కథలను నోటికి పాడుచుండిరి. వారు పాడినదెల్ల చరిత్ర యనుకొనరాదు. ధాన్యము కొలుచు దాత యెదుట నిలిచి అతని తాతను పొగడకుండ ఎవరు పాడుదురు? అయినను ఏ కాగితమునందును లేని పేర్లను వారు మోసికొని తిరిగిరి.

ఇంటిపేరు మరియొక ఆధారము. మన ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్లే: కాకాని, నంబూరు, వెనిగండ్ల. ఇందులో ఒక వింత కలదు. కాకానిలో అందరును కాకానివారే; అక్కడ ఆ పేరుతో ఒకనిని గుర్తించుట యెట్లు? ఊరు విడిచి వేరొకచోట కాపురము పెట్టినవానినే అక్కడివారు "కాకానివారు" అందురు. కాబట్టి అట్టి ఇంటిపేరు మనము నివసించు ఊరును గాక, విడిచి వచ్చిన ఊరును తెలుపును. అయినను ఒకే ఇంటిపేరు గలవారందరు ఒకే వంశమువారని చెప్పుటకు వీలులేదు. వేరువేరు కులములవారు ఒకే ఊరినుండి కదలి ఒకే పేరు పొందియుండవచ్చును.

పైగా ఇంటిపేరు తండ్రి దారినే చూపును. మనకు తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు. ఇట్లు లెక్కించిన పదియవ తరమున 1024 స్థానము లేర్పడును. వానిలో ఇంటిపేరు పట్టుకొనునది ఒక్కటే. మేనరికములు గల మన దేశములో అన్ని స్థానములకు అంతమంది మనుష్యులుండరు. మేనమామ కూతురిని పెండ్లాడినవాని బిడ్డకు ముత్తాతలు, ముత్తవ్వలు ఎనమండ్రుగురికి బదులు ఆరుగురే!

వ్రాతలో నిలిచినవారెవరు? తిక్కన సోమయాజి తాత మంత్రి భాస్కరుడు గుంటూరు నేలిన వాడని, తండ్రి కొమ్మన, తల్లి అన్నమ యని ఏడువందల యేండ్లు దాటినను మనకు తెలియును. కావ్యము మొదట కవివంశము చెప్పు సంప్రదాయము వలన ఆ పేర్లు నిలిచినవి. దేవునికి భూమి నిచ్చినవాని పేరు శాసనమున నిలిచెను. పన్ను కట్టినవాని పేరు కరణముగారి లెక్కలకెక్కెను. ఆ చేలో కలుపు తీసినవారి పేర్లు ఎక్కడను ఎక్కలేదు.

నోటిమాటకును గండములున్నవి. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను ఘోరమైన కరవు పీడించెను. సుమారు ఐదు లక్షల జనులలో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు మరణించిరని అంచనా. కుటుంబములు వలసపోయెను. చెప్పవలసిన ముసలివారును, వినవలసిన పిల్లలును ఒక్కసారిగా పోయిన ఇంట వంశకథ ఎవరికి మిగులును?

ఆశ్చర్యమేమనగా, దేశము విడిచిన పేదకూలీలకు మాత్రము పుస్తకము దొరకెను. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు మన దేశమునుండి 1,52,184 మంది కూలీలు ఆ నేటాలు సీమకు పోయిరి. వారిలో తెలుగువారును కలరు. ప్రతి మనిషికిని ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, తుదకు ఒంటిమీది మచ్చలవరకు వ్రాసికొనిరి. ఇది వారిపై ప్రేమచేత కాదు. పారిపోయినవానిని పట్టుటకు ఆ గుర్తులు పనికివచ్చును. ఏమైనను, ఊరిలో నిలిచిన అన్న పేరు మాసిపోగా ఓడయెక్కిన తమ్ముని పేరు నిలిచెను.

ఆ పట్టీలలో గుంటూరు ప్రాంతమువారిని వెదకువారు ఒక సంగతి గమనింపవలెను. 1859 మొదలు 1904 వరకు ఈ ప్రాంతము కృష్ణా జిల్లాలో చేరియుండెను. కావున ఆనాటి పట్టీలలో కృష్ణా అనియే చూడవలెను. గుమాస్తాలు తమకు వినిపించినట్లు వ్రాసిన ఊరిపేర్లను ఒకటికి రెండుసార్లు పైకి చదివి పోల్చుకొనవలెను. దర్బనునందలి మునిమనుమడు ఇట్లు వెదకి తన ముత్తాత తండ్రి పేరును, ఊరిపేరును సంపాదించి ఇక్కడికి రావచ్చును. కాని ఆ పట్టీలో సాధారణముగా ఇంటిపేరుండదు. ఇంటిపేరు లేనిదే ఆ తండ్రి ఏ యింటివాడో చెప్పగల పెద్దలు ఊరిలో అరుదు.