అపరాధపరిశోధక కథలు – ఉత్కంఠ

పొయ్యిమీద పాలు పొంగిపోవుచున్నను చేతిలోని నవలను విడువలేని గృహిణిని ఇంటివారు పరిహసించుట క్రొత్త కాదు. అపరాధపరిశోధక నవలలు చదువు సోదరీమణులకు ‘కాలహరణము’ అను నిందయు క్రొత్త కాదు. అయినను, తరువాత నేమి జరుగునో యని మనస్సును కట్టిపడవేయు నా శక్తి యెట్టిదో విచారింపక దానిని తృణీకరించుట తగదని మా యభిప్రాయము.

రహస్యమును దాచుటయే ఉత్కంఠ యని పలువురు తలంతురు. అది సగము మాత్రమే నిజము. 1841లో ఎడ్గార్ ఎలన్ పో పారిసు నగరమున జరిగిన జంటహత్యల కథ వ్రాసి యీ రచనకు దారి తీసెను. 1887లో కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును లోకమునకు చూపెను. మన తెలుగున కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరు గత శతాబ్దిలో ఇంటింట పరిచితుడు. ఇట్టి రచయితలు నేరస్థుని పేరు కడవరకు దాతురు. కాని మంచి రచయిత ఆనవాలును మాత్రము దాచడు. డాయిల్ 1892లో వ్రాసిన యొక కథలో పందెపు గుఱ్ఱము రాత్రివేళ సాలనుండి మాయమగును. అచ్చటి కుక్క మొఱుగదు. ఆ సంగతి మన కన్నులయెదుటనే యుండును. వచ్చినవాడు కుక్క యెఱిగినవాడే యని మాత్రము మనకు తోచదు. తెలిసిన పిదప, ‘ఇంత చూచియు నేల గ్రహింపనైతిని?’ అని మనలను మనమే నిందించుకొందుము.

ఇక రెండవ సగమునకు పరదేశములకు పోనక్కఱ లేదు. మన పల్నాటికి పోయిన చాలును. 12వ శతాబ్దిలో గురజాల, మాచెర్ల రాజ్యములకు జరిగిన పోరు అచ్చటివారికి కంఠస్థమైన కథ. నాగులేటి యొడ్డున కారెంపూడిలో వీరులెట్లు కూలిరో యెల్లరెఱుగుదురు. అయినను ఏటేట కార్తికమాసపు అమావాస్య మొదలుకొని రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను అయిదు దినములు అచ్చట వీరుల యుత్సవములు జరుగును. వీరవిద్యావంతులు పాడుచుండగా జనులు ఆ కథనే మరల విందురు. అంతము తెలిసిన కథలో ఉత్కంఠ యెక్కడిది?

రాయబారమునే చూడుడు. కోడిపందెమున నోడి, ఏడేండ్లు వనవాసము గడపిన మాచెర్లవారు తమ రాజ్యము తమకిమ్మని అలరాజును గురజాలకు పంపిరి. ఆతడు పోవునది తన మామగారైన నలగామరాజు కొలువునకే. ఆతనికి విషము సిద్ధమగునని శ్రోతకు తెలియును. ఆతనికి తెలియదు, ఆతని భార్య పేరిందేవికి తెలియదు. అందుచే ఆతడు వేయు ప్రతి యడుగు మన గుండెపై పడును. బాలచంద్రుని కథయు నట్టిదే. తల్లి ఐతాంబ యుద్ధవార్త కుమారుని చెవిని పడకుండ కాపాడుకొనుచుండెను. ఒకనాడు ఆతని బొంగరము ఒక స్త్రీ పాదమునకు తగిలెను. ఆమె బాధతో నాడిన మాటలలో యుద్ధపు సంగతి బయటపడెను. ‘ఎవరు చంపిరి?’ అనునది కాదు ఇచ్చటి ప్రశ్న, ‘బిడ్డకు తెలియునేమో!’ అను భయము.

చలనచిత్రకారుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పినదియు నిదియే. బల్లక్రింది బాంబు హఠాత్తుగా ప్రేలినచో ప్రేక్షకునికి క్షణకాలపు టులికిపాటు. అది యున్నదని ముందే తెలిపి, బల్లయొద్ద కూర్చున్నవారిని మాటలాడుచుండనిచ్చినచో నిమిషములతరబడి ఉత్కంఠ.

కావున దాచిన సంగతి కుతూహలమును, ముందుగ తెలిపిన సంగతి భయమును కలిగించును. కథకుని జాగు రెంటిని పెంచును. నేరస్థుడెవరో చెప్పక, తరువాత ఆపద యెవరికో మాత్రము సూచించు నవల ఈ రెంటిని కూర్చుకొనును. కాని కుతూహలము కడపటి పుటతో తీరిపోవును. మనము ప్రేమించిన వానికై పడిన భయము తీరదు. అందుచేతనే పెక్కు నవలలను రెండవమారు చదువబుద్ధి కాదు. అలరాజు కథను మాత్రము ఏటేట వినబుద్ధి యగును.

ఇట్టి కథలు వ్రాయగోరు సోదరీమణులకు మా మనవి యొక్కటే: హత్యను కల్పించుటకు ముందు, పాఠకురాలు ప్రేమింపదగిన మనిషి నొకరిని కల్పింపుడు. చదువువారికి మరియొకటి: పాలు పొయ్యిమీదనుండి దించి, పిదప పుస్తకము తెఱువుడు.