విప్పి బిగించే పాయింట్ 22 రైఫిల్: గురి ఎక్కడ తప్పుతుంది?

మా మేళ్లచెరువు వైపు అడవి పందులతో విసిగిన రైతులు అడుగుతున్నారు: "అన్నా, రెండు ముక్కలుగా విప్పి సంచిలో పెట్టుకునే రైఫిల్‌కు గురి నిలుస్తుందా?"

అసలు సంగతి అతుకు దగ్గర ఉంది. ముందు, వెనక సైట్లు రెండూ బ్యారెల్ మీదే ఉంటే, అతుకు కాస్త వదులైనా అవి బ్యారెల్‌తోపాటే కదులుతాయి. గురి పెద్దగా మారదు. స్కోపు వెనక భాగం మీద ఉంటే లెక్క వేరు. 10 సెంటీమీటర్ల పొడవులో బ్యారెల్ 0.1 మిల్లీమీటర్ పక్కకు వాలితే చాలు, 50 మీటర్ల దూరంలో తూటా 5 సెంటీమీటర్లు తప్పుతుంది. 2012లో వచ్చిన రూగర్ 10/22 టేక్‌డౌన్‌లో మామూలు సైట్లు బ్యారెల్ మీద, స్కోపు బిగించే చోటు వెనక భాగం మీద ఉంటాయి. అందుకే అతుకు బిగుతు సర్దే రింగు కూడా ఇచ్చారు.

తేడా తెలియాలంటే షూటింగ్ రేంజిలో 5 తూటాలు కాల్చి, విప్పి బిగించి, ఇంకో 5 కాల్చి చూడాలి.

కానీ సోదరులారా, గురి కుదిరినా పాయింట్ 22 అడవి పందికి చాలదు. గాయపడ్డ పంది మనిషి మీదికే వస్తుంది. తుపాకికి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి, పందిని కొట్టడానికి 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి ఉండాలి. అందుకే నేను సోలార్ కంచె వేసుకున్నా, వీడియోలో చూడండి. నేరుగా కరెంటు తీగ మాత్రం పెట్టకండి, మనుషుల ప్రాణాలే పోతాయి.