కటింగ్ ప్లేయర్ చాలదు... లైసెన్సూ కావాలి!

ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యారా? ట్రిపుల్‌ ఈ డిప్లొమా చేతికొచ్చిందా? బీటెక్ అయిపోయి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారా? అయితే మీ ఊళ్లోనే ఉన్న ఓ దారిని ఇప్పటిదాకా సరిగ్గా చూడలేదేమో! భీమిలి నుంచి మధురవాడ దాకా, ఇటు తగరపువలస, ఆనందపురం దాకా ఎక్కడ చూసినా కొత్త ఇళ్లు, లేఅవుట్లు, రిసార్టులు లేస్తున్నాయి. వాటన్నింటికీ కరెంటు కావాలి. ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. చేసిన పనికి కాగితం మీద సంతకం పెట్టగలవాళ్లు మాత్రం తక్కువ. ఆ సంతకం అధికారం ఎలా వస్తుందో, వచ్చాక ఏం చేయాలో చూద్దాం.

చట్టం ఏమంటోంది?

‘వైరింగే కదా, నాలుగిళ్లు చేస్తే వచ్చేస్తుంది’ అనుకుంటే పొరపాటే. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే ఈ సంగతి ఉంది. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. మూల సూత్రం మాత్రం మారలేదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి మార్చుకోవడం ఎవరైనా చేసుకోవచ్చు. అంతకుమించి కొత్త వైరింగ్ వేయాలన్నా, ఉన్నదానికి అదనంగా కలపాలన్నా, మార్పుచేర్పులు చేయాలన్నా మూడు షరతులున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే పని చేపట్టాలి. కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న వైర్‌మ్యానే చేయి పెట్టాలి.

అంటే ఒక్క పనిలో ముగ్గురికి చోటుంది. ఈ ముగ్గుర్నీ మీ కెరియర్‌లో మూడు మెట్లుగా చూడొచ్చు.

మూడు మెట్లు ఇవీ

మొదటిది వైర్‌మ్యాన్ పర్మిట్. ఎలక్ట్రీషియన్, వైర్‌మ్యాన్ ట్రేడుల్లో ఐటీఐ చేసినవాళ్లకు సహజంగా దగ్గరి మెట్టు ఇది. చాలామంది ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుని పర్మిట్ సంగతే మరిచిపోతారు. ఐటీఐ సర్టిఫికెట్ మీరు చదివారని చెబుతుంది. మిమ్మల్ని పనిలోకి దించేందుకు అనుమతి ఇచ్చేది పర్మిట్.

రెండోది సూపర్‌వైజర్ కాంపిటెన్సీ సర్టిఫికెట్. డిప్లొమా, డిగ్రీ వాళ్లు గురి పెట్టాల్సింది దీనిమీదే. డ్రాయింగ్ చదవడం, లోడు లెక్కగట్టడం, టెస్టులు చేసి ఫలితాలు రాయడం సూపర్‌వైజర్ పని. పని తప్పయితే మొదటి ప్రశ్న కూడా ఈయనకే.

మూడోది కాంట్రాక్టర్ లైసెన్సు. మన రాష్ట్రంలో ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. లైసెన్సులు గ్రేడుల వారీగా ఉంటాయి. ఏ వోల్టేజీ వరకు, ఎంత పని చేపట్టవచ్చన్నది గ్రేడును బట్టే. లైసెన్సు రావాలంటే మీ దగ్గర అర్హత ఉన్న సూపర్‌వైజరు, వైర్‌మ్యాన్ ఉన్నారని చూపించాలి. మీకే సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉంటే సగం బరువు దిగినట్టే. మెగ్గరు, ఎర్త్ టెస్టరు, టంగ్ టెస్టరు, మల్టీమీటరు లాంటి పరికరాలు సొంతంగా ఉండాలి. గడువు తీరేలోగా రెన్యువల్ చేయించుకోవాలి.

అర్హతలు, అనుభవం, ఫీజుల వివరాలను దరఖాస్తు చేసేముందు బోర్డు ప్రకటనలోనే చూసుకోండి. ‘మా బావకి అలాగే ఇచ్చారు’ అని ఎవరో చెప్పిన మాట మీద ఫీజు కట్టేయొద్దు. ఇంకోమాట... హెల్పర్‌గా చేరిన మొదటి రోజు నుంచే అనుభవానికి రుజువులు దాచుకోండి. ఎక్కడ పనిచేశారు, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు అన్నది లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీద రాయించుకుంటే తర్వాత పనికొస్తుంది. నోటి మాటగా ఐదేళ్లు పనిచేసి ఒక్క కాగితమూ లేక ఆగిపోయేవాళ్లున్నారు.

భీమిలిలో పనెక్కడుంది?

1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు మనది. పాత ఇళ్లు చాలా ఉన్నాయి. ఒకప్పుడు నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం వేసిన వైర్ల మీద ఇప్పుడు ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్ నడుస్తున్నాయి. రీవైరింగ్ అనేది ఇక్కడ ఎప్పటికీ తరగని పని.

రెండోది ఉప్పుగాలి. సముద్రం పక్కన ఇనుప బాక్సులు తొందరగా తుప్పు పడతాయి. రాగి జాయింట్లు పచ్చబడి వదులవుతాయి. వదులైన చోట వేడెక్కుతుంది, అక్కడే మంట పుడుతుంది. నీళ్లు, దుమ్ము చొరబడని బాక్సులు వాడటం, జాయింట్లు బిగించడం, ఎర్త్ పిట్‌ను ఏటా కొలిచి చూడటం... రిసార్టులు, రొయ్యల హేచరీలు, ఐస్ ఫ్యాక్టరీలకు ఇవన్నీ కావాలి. ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందాలు నాలుగు చేతిలో ఉంటే పని లేని నెల ఉండదు.

మూడోది భూగర్భ కేబుళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాలు వరసగా నేలకొరిగి విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కేబుళ్లను భూమిలోకి దించే పని మొదలైంది. కేబుల్ జాయింటింగ్ బాగా వచ్చినవాళ్లు ఇప్పటికీ తక్కువే. నేర్చుకుంటే మంచి గిరాకీ ఉన్న నైపుణ్యం ఇది.

నాలుగోది సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78 వేలు కేంద్ర సబ్సిడీ. ఈ పథకంలో నమోదైన వెండర్ల ద్వారానే ప్యానెళ్లు పెట్టించుకోవాలి. ఆ వెండర్లకు మనుషులు కావాలి. డీసీ వైరింగ్, ఎర్తింగ్, నెట్ మీటరు పని తెలిసినవాళ్లను వెతుక్కుంటున్నారు.

వీటికితోడు గోస్తని దాటి కాస్త ముందుకెళ్తే భోగాపురం విమానాశ్రయం. ఆ దారి పొడవునా లేఅవుట్లు. కొత్త లేఅవుట్‌లో స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్లు వేయడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ల పనే.

పని ఎవరిస్తారు?

చిన్న పనులు మాట మీద వస్తాయి. తాపీమేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రికల్ షాపు యజమాని... మీకు పని చెప్పేది ఈ ముగ్గురే. ఇంటి పనికి పాయింట్ల లెక్కనో, చదరపు అడుగు లెక్కనో రేటు మాట్లాడతారు. ఏది మాట్లాడినా ఒక కాగితం మీద రాయండి. వైరు ఏ బ్రాండు, ఎంత మందం, ఎన్ని పాయింట్లు, మెటీరియల్ ఎవరిది, డబ్బు ఎన్ని విడతలు... ఇంత రాస్తే చాలు, చివర్లో గొడవ ఉండదు.

పెద్ద పనులు టెండర్లలో వస్తాయి. మన ప్రాంతానికి కరెంటిచ్చేది విశాఖ కేంద్రంగా ఉన్న ఏపీఈపీడీసీఎల్. ఆ సంస్థతో పాటు జీవీఎంసీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు, రైల్వే ఎవరి టెండర్లు వాళ్లు పిలుస్తారు. మొదట్లో నేరుగా వేయలేకపోయినా పెద్ద కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేరండి. కొలతల పుస్తకం ఎలా రాస్తారో, బిల్లు ఎలా పెడతారో నేర్చుకోవడానికి అంతకుమించిన కాలేజీ లేదు.

లైసెన్సు అద్దెకిస్తే...

ఈ రంగంలో గుట్టుగా నడిచే వ్యవహారం ఒకటుంది. ఒకరికి లైసెన్సు ఉంటుంది, పని ఇంకొకరు చేస్తారు. సంతకానికి ఇంత అని తీసుకుంటారు. కొత్తగా సర్టిఫికెట్ వచ్చిన కుర్రాళ్లకు ఇలాంటి ఆశలు తొందరగానే ఎదురవుతాయి. ‘నువ్వు సైటుకి రానక్కర్లేదు తమ్ముడూ, నెలకి ఇంత పడేస్తాం’ అంటారు.

ఒప్పుకొంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇల్లు కట్టినాయన మీ సంతకం చూసి కనెక్షన్ తీసుకున్నాడు. ఎర్తింగ్ సరిగా వేయలేదు. ఆరు నెలలకు తడిచేతులతో మోటారు ముట్టుకున్న మనిషి పోయాడు. కరెంటు ప్రమాదం జరిగితే 24 గంటల్లోగా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలన్నది నిబంధన. విచారణకు వచ్చినవాళ్లు తీసే మొదటి కాగితం టెస్ట్ రిపోర్టే. దానిమీద ఉన్న పేరు మీదే. ‘నేను చూడలేదండీ’ అన్నది అక్కడ జవాబు కాదు, అదే నేరం ఒప్పుకోవడం. లైసెన్సు పోతుంది, కేసు మిగులుతుంది. మీరు కొలవని దాని కింద సంతకం పెట్టొద్దు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి.

చేతికి రావాల్సిన పని

సంతకం పెట్టాలంటే కొలవడం రావాలి. ఇంటర్వ్యూల్లోనూ అడిగేది ఇదే. కనీసం ఈ నాలుగూ నోటికి, చేతికి వచ్చి ఉండాలి.

• లోడు లెక్క: 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అందుకే లైటు పాయింటు వైరు నుంచి దానికి లైను లాగకూడదు. విడి సర్క్యూటు, దానికి తగిన వైరు, ఆ వైరుకు తగిన ఎంసీబీ ఉండాలి. ఎంసీబీ పడిపోతోందని ఇంకా పెద్దది పెట్టేవాడు ఎలక్ట్రీషియన్ కాడు. ఎంసీబీ కాపాడేది వైరునని గుర్తుపెట్టుకోండి.

• ఇన్సులేషన్ టెస్టు: ఇంటి వైరింగ్‌కు 500 వోల్టుల డీసీ మెగ్గరుతో ఒక నిమిషం పాటు చూడాలి. కనీసం 1 మెగోమ్ రావాలి. ఎలక్ట్రానిక్ వస్తువులన్నీ తీసేశాకే మెగ్గరు పెట్టాలి.

• ఎర్తింగ్, ఆర్‌సీసీబీ: మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. టెస్ట్ బటన్ నొక్కి ఇంటివాళ్లకు చూపించి, ఎలా చూసుకోవాలో నేర్పి రండి.

• లైన్ మీద పని: స్తంభం ఎక్కాలంటే ముందు ఎల్‌సీ తీసుకోవాలి. స్విచ్ ఆపితే సరిపోదు. కరెంటు లేదని టెస్టరుతో చూడాలి, లైనుకు ఎర్త్ కట్టాలి. ఎవరింట్లోనో జనరేటరో, ఇన్వర్టరో వెనక్కి కరెంటు పంపితే ఆపిన లైనే ప్రాణం తీస్తుంది. ‘రెండు నిమిషాల పనే కదా’ అన్నవాళ్లే ఎక్కువగా పోతున్నారు.

డబ్బు లెక్క

తొలి రోజుల్లో కాంట్రాక్టర్‌ని ముంచేది పని లేకపోవడం కన్నా బిల్లు ఆలస్యం కావడమే. రూ.3 లక్షల పని పట్టారనుకుందాం. అందులో 2 లక్షలు మెటీరియల్, 60 వేలు కూలీలు. బిల్లు మూడు నెలలకు వస్తుందంటే ఆ 2.6 లక్షలు మీరే పెట్టి కూర్చోవాలి. వడ్డీకి తెస్తే మిగలాల్సిన 40 వేలల్లో ఎంత కరిగిపోతుందో మీరే లెక్కేసుకోండి. అందుకే మొదట్లో మెటీరియల్ యజమానే తెచ్చుకునే లేబర్ పనులు పట్టండి.

ఉద్యం నమోదు ఉచితం, ఎవరికీ కమీషన్ ఇవ్వొద్దు. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవరు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. పరికరాల కోసం ముద్ర రుణం అడగొచ్చు. శిశు కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు ఇస్తారు. 10 మంది పనివాళ్లయితే ఈఎస్ఐ, 20 మందయితే పీఎఫ్ వర్తిస్తాయి. అంతకన్నా తక్కువమంది ఉన్నా ప్రమాద బీమా మాత్రం చేయించండి. మీ దగ్గర పనిచేసే కుర్రాడు కూడా ఒకింటి బిడ్డే.

నోటిఫికేషన్ల సంగతేంటి?

వాటిని వదిలేయమని ఎవరూ అనరు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం జూనియర్ లైన్‌మెన్‌ను తీసుకున్నప్పుడు ఐటీఐ వాళ్లకు మంచి అవకాశం దొరికింది. అప్పుడు స్తంభం ఎక్కడం, సైకిల్ తొక్కడం, మీటరు రీడింగ్ చూడటం పరీక్షగా పెట్టారు. పుస్తకం పట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లకన్నా సైటు మీద పనిచేసినవాళ్లకే అవి తేలిక. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద నేవల్ డాక్‌యార్డు లాంటి చోట్ల స్టైపెండుతో శిక్షణ దొరుకుతుంది. ప్రకటన వస్తే వదలొద్దు. అక్కడ నేర్చిన క్రమశిక్షణ రేపు మీ సొంత పనికీ పెట్టుబడే.

అమ్మాయిలూ, ఇది మగవాళ్ల పని అని ఎవరైనా అంటే వినకండి. ఎస్టిమేషను, డ్రాయింగు, టెస్టింగు, టెండరు పత్రాలు... సూపర్‌వైజర్ చేసే పనుల్లో బలం కన్నా బుర్రకే పని ఎక్కువ.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

• మీ చదువుకు పర్మిటా, సూపర్‌వైజర్ సర్టిఫికెట్టా... ఏది వర్తిస్తుందో లైసెన్సింగ్ బోర్డు ప్రకటనలో చూసుకోండి.
• లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఒకరి దగ్గర చేరండి. లైసెన్సు కాపీ చూశాకే చేరండి.
• చేసిన ప్రతి పనినీ తేదీతో, కొలతలతో ఒక నోటుపుస్తకంలో రాయండి.
• మొదటి జీతంతో మంచి మల్టీమీటరు, రబ్బరు గ్లోవ్స్ కొనండి. ఫోను తర్వాత మార్చుకోవచ్చు.
• పని నేర్పే పెద్దాయన ‘ఎర్త్ అక్కర్లేదురా’ అంటే మర్యాదగానే కాదనండి.

భీమిలిలో ఇంటిల్లిపాదీ నిశ్చింతగా స్విచ్ వేసుకోవాలంటే వెనక ఎవరో ఒకరు నిజాయతీగా కొలిచి, సంతకం పెట్టి ఉండాలి. ఆ పేరు మీదైతే ఊళ్లో మీకు పని వెతుక్కోవాల్సిన అవసరం రాదు.