ఊదారంగు వేళ్లు

క్రిస్టల్ వయొలెట్ అంటిన వేళ్లు సబ్బుతో ఎంత తోమినా ఓ పట్టాన వదలవు. గ్లవ్స్ వేసుకున్నా ఎక్కడో ఒకచోట అంటుతుంది. జీఎన్‌ఎం నర్సింగ్ మొదటి సంవత్సరం అమ్మాయిలు తొలిసారి గ్రామ్ స్టెయినింగ్ చేసిన రోజు రాత్రి, హాస్టల్ మెస్‌లో చేతులు చూసి ప్రాక్టికల్ ఎవరికి అయిందో చెప్పెయ్యొచ్చు. పప్పన్నం కలుపుతుంటే గోళ్ల చుట్టూ ఊదా గీత కనిపిస్తుంది.

మొన్న అలాంటి ప్రాక్టికల్‌లోనే ఒకమ్మాయి స్లైడు పట్టుకుని సింకు దగ్గర నిలబడిపోయింది. ఇంటర్‌లో హెచ్‌ఈసీ. ఎదురుగా నాలుగు సీసాలు. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్. వరుస నోటికి వచ్చు. రికార్డు బుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది, బొమ్మ కూడా వేసింది. తీరా స్లైడు చేతికొచ్చేసరికి వేళ్లు వణికాయి.

“మేడమ్, ఆల్కహాల్ ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది? తక్కువ పోస్తే తప్పు, ఎక్కువ పోస్తే తప్పు అని రాశారు.”

ఆ అమ్మాయిది పెడన దగ్గర ఊరు. ఇంట్లో కలంకారీ అద్దకం పని. “మీ నాన్న బట్టకు పటిక ఎందుకు వేస్తారమ్మా?” అని అడిగాను. “రంగు పట్టుకోవడానికి మేడమ్. పటిక లేకపోతే ఉతగ్గానే పోతుంది” అంది. ఇక్కడ అయోడిన్ చేసే పని కూడా అదేనని చెప్పాను. ఊదారంగును సూక్ష్మజీవి లోపల గట్టిగా కట్టేస్తుంది. తర్వాత పోసే ఆల్కహాల్ ఉతుకు లాంటిది. గోడ మందంగా ఉన్న బ్యాక్టీరియాకు అది పక్కా రంగు, ఎంత ఉతికినా దిగదు. పల్చటి గోడ ఉన్నదానికి కచ్చా రంగు, దిగిపోతుంది. దిగిపోయినదానికి చివర సాఫ్రనిన్ గులాబీ రంగు అద్దుతుంది. “స్లైడు మీంచి కారే చుక్కలో ఊదా ఆగిపోగానే నీళ్లు పొయ్యి. కొత్త బట్ట జాడించేటప్పుడు నీళ్లు తేటపడటం చూస్తావు చూడు, అలా.”

సెకన్లు లెక్కపెట్టడం మానేసింది. చుక్కను చూసింది. చేతి వణుకు తగ్గింది. స్లైడు ఆరాక దాని మీద సెడార్‌వుడ్ ఆయిల్ చుక్క వేసి, నూరు రెట్ల లెన్సు దించి, కన్ను ఆనించి చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. తర్వాత “ద్రాక్షగుత్తులు మేడమ్!” అని ఒక్క అరుపు.

స్టాఫిలోకాకస్ అనే పేరుకు అర్థం అదే. గ్రీకులో స్టాఫిలే అంటే ద్రాక్షగుత్తి, కోకస్ అంటే గింజ. ఆ సంగతి చెబితే ఆ పిల్ల ముఖం చూడాలి. నెల రోజులుగా నోరు తిరగక కుస్తీ పడుతున్న మాట, తను కళ్లతో చూసినదానికి పెట్టిన పేరేనని తెలిసింది. స్ట్రెప్టోకాకస్ పూసలదండ. బాసిల్లస్ చిన్న పుల్ల. హెచ్‌ఈసీ చదివిన పిల్లకు మాటల పుట్టుక అంటే మక్కువ. ఆ సాయంత్రం పుస్తకం చివరి పేజీలో ఇలాంటివి పదిహేను రాసుకుంది.

బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో బైపీసీ కావాలి. మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమాకు మాత్రం ఏ గ్రూపైనా సరే, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండి 40% మార్కులు వస్తే చాలు. సైన్సు వాళ్లకు ప్రాధాన్యం ఉన్నా తలుపు మిగతావాళ్లకూ తెరిచే ఉంది. అందుకే మా క్లాసులో బైపీసీ పిల్లల పక్కనే హెచ్‌ఈసీ, సీఈసీ పిల్లలూ కూర్చుంటారు. పదో తరగతి తర్వాత వీళ్లు జీవశాస్త్రం పుస్తకం ముట్టలేదు. రెండేళ్లు చరిత్ర, పౌరశాస్త్రం, వాణిజ్యశాస్త్రం చదివి ఇక్కడికి రాగానే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తాం. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ కలిపి బయోసైన్సెస్ పేపరు. అనాటమీకి అస్థిపంజరం ఉంది, తడిమి చూసుకోవచ్చు. ఫిజియాలజీకి తన నాడే ఉంది, పట్టుకుని చూసుకోవచ్చు. మైక్రోబయాలజీలోనే కంటికి ఏమీ కనబడదు. కనబడనిదాన్ని పరాయి భాషలో, పైగా లాటిన్ పేర్లతో నేర్చుకోవాలి. రాత్రి పదకొండింటికి హాస్టల్ వరండాలో నడిస్తే గదిగదిలో బట్టీ పట్టే గొంతులు వినిపిస్తాయి. నాకు కడుపు తరుక్కుపోతుంది. ఎందుకంటే ఒకప్పుడు అలా బట్టీ పట్టిన గొంతుల్లో నాదీ ఒకటి.

నేను తెలుగు మీడియం సీఈసీ. నాకు ఈ సబ్జెక్టు అర్థమైంది క్లాసులో కాదు, ఒక తప్పు చేసినప్పుడు.

అది మే నెల. వార్డు పోస్టింగులో ఉన్నాను. ఒక పెద్దావిడ యూరిన్ కల్చర్ సీసా ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నారు. పేరు రాసి అంటించి కౌంటరు మీద పెట్టాను. ఇంతలో భోజనాల వేళ అయింది, ఆ తర్వాత డ్రెస్సింగు ట్రేలు సర్దమన్నారు. సీసా ల్యాబ్‌కు చేరేసరికి నాలుగు గంటలు దాటింది. రిపోర్టులో మిల్లీలీటరుకు లక్షకు పైగా బ్యాక్టీరియా ఉన్నట్టు వచ్చింది. లక్ష దాటితే ఇన్ఫెక్షన్ కిందే లెక్క. యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఆవిడకేమో మంటా లేదు, జ్వరమూ లేదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు అనుమానం వచ్చింది. “శాంపిల్ తీసిందెప్పుడు, ఇచ్చిందెప్పుడు తల్లీ?” అని అడిగారు. దాచకుండా చెప్పాను. మళ్లీ తీసిన శాంపిల్‌లో ఏమీ లేదు. అప్పటికే ఆవిడ నరంలోకి అక్కర్లేని మందు రెండు డోసులు వెళ్లింది.

నాకు తల కొట్టేసినట్టయింది. సిస్టర్ మాత్రం తిట్టలేదు. రిపోర్టు వెనక్కి తిప్పి పెన్ను చేతికిచ్చి, “సీఈసీ కదా నువ్వు, చక్రవడ్డీ వెయ్యి” అన్నారు. ఈ.కోలై బ్యాక్టీరియాకు అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. గంటకు మూడుసార్లు. నాలుగు గంటల్లో పన్నెండుసార్లు. ఒకటి 4,096 అవుతుంది. చర్మం మీంచి నూరు పడ్డాయనుకుంటే 4,09,600. వేసి చూసుకుని బిక్కచచ్చిపోయాను. ఆవిడ ఒంట్లో లేని రోగం నా సీసాలో పుట్టింది. శాంపిల్ రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి, లేదంటే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాలి అని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. దాన్ని అంతకుముందు పదిసార్లు బట్టీ పట్టి ఉంటాను.

బ్యాక్టీరియల్ గ్రోత్ కర్వ్ పాఠం ఇప్పటికీ ఆ చక్రవడ్డీతోనే మొదలుపెడతాను. సీఈసీ పిల్లలు అందరికంటే ముందు లెక్క తేలుస్తారు. బైపీసీ పిల్లలు వాళ్ల నోట్సులోకి తొంగిచూడాల్సిన గంట అదొక్కటే. వెనక బెంచీలో వాళ్ల వెన్ను కాస్త నిటారుగా అవుతుంది.

ఆ మాటకొస్తే ఈ శాస్త్రంలో సగం మన వంటింట్లో ఉన్నదే. పాలు తోడు పెట్టడం రాని పిల్ల మా క్లాసులో ఇంతవరకు రాలేదు. పాలు కాచి చల్లార్చాలి. గోరువెచ్చగా ఉండాలి, మరీ వేడైతే తోడు చస్తుంది, చల్లగా ఉంటే తోడుకోదు. తోడు ఎక్కువైతే పులుస్తుంది. కదపకుండా రాత్రంతా ఉంచాలి, చలికాలమైతే బట్ట చుట్టాలి. ఇదంతా వాళ్ల చేతే చెప్పించి బోర్డు మీద ఒక్కోదాని పక్కన పుస్తకంలోని మాట రాస్తాను. పాలు కల్చర్ మీడియం. తోడు ఇనాక్యులమ్. గోరువెచ్చదనం ఆప్టిమమ్ టెంపరేచర్. బట్ట చుట్టిన గిన్నె ఇంక్యుబేటర్. ఇడ్లీపిండికి తోడు కూడా అక్కర్లేదు. మినపగుళ్ల మీద ఉండే లూకోనోస్టాక్ లాంటివే దాన్ని పొంగిస్తాయి. ఆవకాయ జాడీలో ఉప్పు సూక్ష్మజీవికి నీరందకుండా చేస్తుంది, నూనె గాలి తగలనివ్వదు. తడి గరిటె పెట్టినందుకు అమ్మ ఎందుకు కేకలేసేదో రెండో రోజు వాళ్లే నాకు చెబుతారు.

ఇది పిల్లల్ని బుజ్జగించడానికి చెప్పే పోలిక కాదు, చరిత్రలో జరిగిందే. 1881 ప్రాంతంలో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచేవారు. శరీరపు వేడికి జెలటిన్ కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేసేవి కూడా. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సె అనే డాక్టరు విసిగిపోయాడు. ఎండల్లో మీ జెల్లీలు ఎలా కరగకుండా నిలుస్తున్నాయని భార్య ఫానీని అడిగాడు. ఆమె వాటిలో వేసేది అగర్. జావాలో ఉండి వచ్చిన పొరుగింటివాళ్ల దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న కిటుకు. సముద్రపు నాచునుంచి తీసే ఆ పదార్థం బాగా మరిగితే గానీ కరగదు, ఒకసారి గడ్డకట్టాక 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో చెక్కుచెదరదు. మన కిరాణా కొట్లో చైనా గ్రాస్ అంటే ఇచ్చేది అదే. కాక్ 1882లో క్షయ క్రిమిని ప్రకటించిన వ్యాసంలో అగర్ పేరు ఉంది, ఫానీ పేరు లేదు. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ ల్యాబ్‌లో పెట్రీ డిష్ తెరిచినా అడుగున ఉండేది ఆమె వంటింటి సరుకే. నేను ప్రతి బ్యాచ్‌కూ ఆమె పేరు బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తాను. పరీక్షలో రాదు. అయినా రాస్తాను.

అలాగని ఇంట్లో నేర్చిందంతా మంచిదని పిల్లలతో అనను. ఇదే పాఠంలో ఒకసారి ఒకమ్మాయి, తమ ఊళ్లో పూర్వం పురిటిబిడ్డ బొడ్డుకు పేడ పూసేవాళ్లని చెప్పింది. వాళ్ల నాయనమ్మ మొదటి బిడ్డ వారం తిరక్కుండా బిర్రబిగుసుకుని పోయిందట. అంతా గాలి సోకిందనుకున్నారు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. పేడలో, మట్టిలో ఉండే టెటనస్ స్పోర్ల గురించి ఆ రోజు చెప్పినంత నెమ్మదిగా నేనెప్పుడూ చెప్పలేదు. స్పోరు అంటే గింజకట్టిన సూక్ష్మజీవి. ఏళ్ల తరబడి అలా పడి ఉంటుంది, గాలి ఆడని గాయం దొరికితే మొలకెత్తుతుంది. తల్లులకు వేసిన టీటీ ఇంజెక్షన్లు, ఆస్పత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు కలిసి ఆ మరణాల్ని అణిచేశాయి. బాలింతల్లో, పురిటిబిడ్డల్లో ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా భారత్‌కు 2015లో గుర్తింపు వచ్చింది. అందులో సూది పట్టిన చేతులు ఎక్కువగా ఏఎన్‌ఎంలవి.

స్పోరు తెలిస్తే ఆటోక్లేవ్ దానంతటదే తెలుస్తుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగినా స్పోరు చావదు. ఆవిరిని బిగించి 15 పౌండ్ల ఒత్తిడి పెడితే వేడి 121 డిగ్రీలకు ఎక్కుతుంది. అలా 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ప్రెషర్ కుక్కర్ సూత్రమే. ఇడ్లీపాత్రలో రేకుల మధ్య సందు లేకపోతే మధ్య ఇడ్లీలు పచ్చిగా ఉండిపోతాయి కదా, డ్రమ్ములో బట్టలు కుక్కిపెడితే నడిమి బట్టకూ అదే గతి. పైన అంటించిన టేపు మీద నల్ల గీతలు వస్తాయి, అంతా అయిపోయిందనుకుంటాం. ఆ గీత వేడి తగిలిందని చెబుతుందే గానీ లోపలి స్పోరు చచ్చిందని చెప్పదు. ఈ తేడా తెలిసిన నర్సు డ్రమ్ము సర్దే తీరే వేరుగా ఉంటుంది.

వియన్నా కథ మాత్రం ఏటా చివరి క్లాసుకు దాచుకుంటాను. 1840లలో అక్కడి పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు. రెండోదానిలో మంత్రసానులు. మొదటి వార్డులో బాలింతలు సూతికా జ్వరంతో పిట్టల్లా రాలిపోయేవారు. తమను రెండో వార్డులోనే చేర్చుకోమని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. శవపరీక్షలు చేసిన చేతులతోనే విద్యార్థులు కాన్పులకు వస్తున్నారని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. 1847 మేలో, క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న చావులు జూన్‌కల్లా 2 దగ్గరకు దిగాయి. క్రిములే రోగకారణమని అప్పటికి ఎవరూ రుజువు చెయ్యలేదు. చదువు ఎక్కువున్న చేతులకన్నా మంత్రసానుల చేతుల్లో తల్లులు క్షేమంగా ఉన్న ఆ వార్డు గురించి చెప్పాక, పిల్లల చేత చేతులు కడిగిస్తాను. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేలు చుట్టూ, గోళ్ల చివర్లు.

ఈ పాఠానికి మాకు దొరికే గంటలు తక్కువ. ఒక మైక్రోస్కోపు దగ్గర పదిమంది వరసకడితే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చిక్కవు. పరీక్ష కాగితమేమో సూక్ష్మజీవుల వర్గీకరణ రాయమంటుంది. ముందు చూపించి తర్వాత పేరు చెప్పే వరసలో సిలబస్ నడవాలని నా పట్టుదల. తెలుగులో వివరిస్తే పిల్లల ఇంగ్లీషు పాడవుతుందన్న భయాన్ని కూడా నేను ఒప్పుకోను. పటిక మాట తెలుగులో విన్న పిల్లే అయోడిన్ పని ఏమిటో ఇంగ్లీషులో తప్పులేకుండా రాసింది.

ప్రాక్టికల్ అయిన మర్నాడు ఆ పెడన అమ్మాయికి వార్డు డ్యూటీ. మధ్యాహ్నం పన్నెండున్నరకు తోటి పిల్లలంతా టిఫిన్ బాక్సులతో మెస్ వైపు వెళుతుంటే మెట్ల మీద ఎదురైంది. చేతిలో యూరిన్ కల్చర్ సీసా. లేబుల్ మీద పేరు, వార్డు, బెడ్ నంబరు, వాటి కింద తీసిన టైము 12.20 అని గీత గీసి మరీ రాసి ఉంది.

“భోజనానికి వెళ్లలేదా అమ్మా?”

“ఇది ల్యాబ్‌లో ఇచ్చేసి వెళతాను మేడమ్” అంటూ పక్కకు తప్పుకుని గబగబా దిగిపోయింది. సీసా మూత మీద ఆనించిన బొటనవేలి గోటి చుట్టూ ఊదా గీత ఇంకా వదల్లేదు.