వృద్ధుల నిద్రలేమిని వార్ధక్య సహజమని ఉపేక్షించరాదు

విజయవాడ: వయసు మీరిన వారికి నిద్ర పట్టకపోవడం మామూలేనని సరిపెట్టుకోవడం శ్రేయస్కరం కాదు. దీర్ఘకాలిక నిద్రలేమికి, అల్జీమర్స్ వ్యాధికి మధ్య సంబంధం ఉన్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి.

దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నట్లు 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. డిమెన్షియాకు ప్రధాన కారణం అల్జీమర్స్.

బ్రిటన్‌లో దాదాపు 8 వేల మందిని 25 ఏళ్లపాటు పరిశీలించి 2021లో ప్రకటించిన అధ్యయనం మేరకు, 50, 60, 70 ఏళ్ల వయసుల్లో ఆరు గంటలు, అంతకు తక్కువే నిద్రిస్తూ వచ్చిన వారికి, ఏడు గంటలు నిద్రించిన వారికంటే డిమెన్షియా ముప్పు 30 శాతం అధికం. అయితే నిద్రలేమే వ్యాధికి కారణమని దీనితో నిర్ధారణ కాలేదు. ఈ వ్యాధిలో మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది. నిద్ర కొరవడితే అది పెరుగుతుంది. అది పేరుకుంటే నిద్ర చెడవచ్చు. అందువల్ల నిద్రలేమి వ్యాధికి తొలి సూచన కూడా కావచ్చు.

కృష్ణా డెల్టాలో వేసవి ఉక్కపోత, దోమల బెడద వృద్ధుల నిద్రకు ఆటంకాలు. గాలి ఆడే గది, దోమతెర సమకూర్చాలి. గురక మధ్య ఊపిరి ఆగడం, రాత్రి పలుమార్లు మూత్రవిసర్జన, కీళ్ల నొప్పులు, మానసిక కుంగుబాటు వంటి కారణాలకు చికిత్స ఉంది. వైద్యుని సలహా లేనిదే నిద్రమాత్రలు వాడరాదు. వాటివల్ల తూలిపడటం, మతి మందగించడం జరగవచ్చు.

నిద్రలేమితోపాటు తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్కల్లో తడబడటం గమనిస్తే విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గానీ, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ చూపించాలి. ఫోన్ ద్వారా సలహాకు టెలి మానస్ 14416, వయోవృద్ధుల సహాయవాణి 14567 నంబర్లను సంప్రదించవచ్చు.